జిన్ రుచి, డ్రమ్ము వాసన

లండన్‌లోని మా అబ్బాయి, తమ పేటలోని జిన్ డిస్టిలరీ స్థానికులకు ఉచితంగా తిప్పి చూపి, రుచి కూడా చూపించిందని ఫోనులో సంబరపడ్డాడు.

నాకు పటాన్‌చెరు గుర్తుకు వచ్చింది. అక్కడ వైద్యుడిగా ఉన్న రోజుల్లో, కర్మాగారపు డ్రమ్ములోని ‘స్పిరిట్’ తాగిన కార్మికుడొకడు మరునాడు “కండ్ల ముందు మంచు కమ్మింది సారూ” అంటూ వచ్చాడు. అది మిథనాల్. వాసనను బట్టి ఇథనాల్ కాదని తేల్చలేము; కాలేయంలో ఫార్మిక్ ఆమ్లమై దృష్టినాడిని దెబ్బతీస్తుంది. విచిత్రమేమంటే, విరుగుడూ మద్యసారమే: ఇథనాల్ ఉన్నంతసేపు కాలేయం మిథనాల్ జోలికి అంతగా పోదు. ఆ రాత్రి ముక్కు గొట్టం ద్వారా అతనికి కొలిచి మద్యమే పోశాము. ప్రాణం దక్కింది, చూపు సగమే. తాగిన మరునాడు చూపు మసకబారితే మజ్జిగ, నిమ్మరసం అంటూ ఆగక ఆసుపత్రికి వెళ్లండి.

అబ్బాయికి ఇవేమీ చెప్పలేదు. ఎన్ని గుక్కలు తాగావని మాత్రం అడిగాను.