మడ్డి వైను, మా ఊరి లొట్టి

చలికాలం వచ్చిందంటే బుదైయా బొటానికల్ గార్డెన్‌లో జరిగే రైతుబజారుకు కూరగాయలకని వెళ్తాం. అక్కడ ఖర్జూరపు చెట్లు చూస్తే మా ఊరి ఈతచెట్లే గుర్తొస్తాయి. దగ్గరి చుట్టాలే మరి!

మొన్న ఆ పక్కనే ఒక మిత్రుడింట్లో 'నాచురల్ వైన్' పోశారు. మడ్డిగా, పుల్లగా ఉంది. "ఈస్ట్ కలపరు, వడకట్టరు, సల్ఫైట్ వేసినా చిటికెడే" అని ఆయన గొప్పగా చెబుతుంటే నవ్వొచ్చింది. మా ఊళ్ళో లొట్టిలో జరిగేదీ అదేగా! కుండలో, గాలిలో ఉన్న ఈస్టే పొద్దున తియ్యగా దిగినదాన్ని సాయంత్రానికి పులిపిస్తుంది. నీరాగానే ఉంచాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు.

ఈ వైన్‌కి ఫ్రాన్సులో 2020లో ప్రత్యేక ముద్ర వచ్చింది. సల్ఫైట్ లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదట. కల్లుకు ముద్ర ఎక్కడిది? గీసినవాడి మాటే పూచీ. ఆ పూచీ లేకపోతే ఏమవుతుందో 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో చూశాం, కల్తీకల్లు ప్రాణాలు తీసింది.

కాలేజీ రోజుల్లో బాపు కల్లు తాగి ఎదురొస్తే, మిత్రుల ముందు తెలియనట్టు తప్పుకున్నాను. ఆ రాత్రి మాత్రం గ్లాసు తిప్పి, వాసన చూసి మరీ మెచ్చుకున్నాను! ఇంటికొచ్చి ఫోన్ చేశాను.

"బాపూ, మన ఈతచెట్లు ఇంకా గీస్తున్నరా?"

కాసేపు మాట్లాడలేదు.

"రెండు గీస్తున్నరు. ఎప్పుడొస్తున్నవ్?"