చివరి సిలిండరు

పాస్టరుగారికి మోటారు ఇంజన్ల గొడవ ఎందుకని మా సంఘములో కొందరు నవ్వుతుంటారు. నవ్వనివ్వండి. ఒకరికి పాత నాణెముల మీద మక్కువ, ఇంకొకరికి గులాబీ మొక్కల మీద. నాకు చిన్ననాటి నుండి పాత ఇంజన్లంటే ఇష్టము. అందులోను ఎనిమిది సిలిండర్లు ఒకే వరుసలో నిలబెట్టిన 'స్ట్రెయిట్ ఎయిట్' ఇంజను సంగతి ఎత్తితే నాకు భోజనము వేళ కూడ గుర్తుండదు. అటువంటి కారు ఎక్కినవాడను కాను. చదివి తెలుసుకున్నదీ, సెల్‌ఫోనులో దాని శబ్దము విన్నదీ మాత్రమే.

ప్రియ చదువరులారా, పొలము దగ్గరి ఆయిల్ ఇంజను మీకందరికీ తెలుసు. దానికి ఒక్కటే సిలిండరు. చక్రము రెండుసార్లు తిరిగితే ఒక్కసారి లోపల మంట అంటుకుంటుంది. అందుకే ఆ చప్పుడు, ఆ కుదుపు. ఎనిమిది సిలిండర్లు ఉంటే ఆ రెండు చుట్లలోనే ఎనిమిదిసార్లు శక్తి పుడుతుంది. ఒకటి నెట్టడము ఆపకముందే మరొకటి అందుకుంటుంది. అయితే వరుసగా కాదు; చాలా అమెరికా ఇంజన్లలో ఆ క్రమము 1-6-2-5-8-3-7-4. పైకి పోయే పిస్టన్ల ఊపును కిందికి దిగే పిస్టన్లు సరిచేస్తాయి గనుక కుదుపు దాదాపు తెలియదు. బాగా సర్దిన ఇంజను నడుస్తుండగా దాని హెడ్ మీద నాణెమును అంచుపై నిలబెట్టి చూపించి యజమానులు మురిసిపోతారు.

వీటి వైభవమంతా రెండు ప్రపంచ యుద్ధముల మధ్య కాలములోనిది. ఇటలీలో ఇసోటా ఫ్రాస్కినీ వారు 1919లో, అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ సోదరులు 1921లో, ప్యాకార్డ్ వారు 1923లో ఈ ఇంజను కార్లు తెచ్చారు. 1928లో వచ్చిన డ్యూసెన్‌బర్గ్ 'మోడల్ జె' 265 గుర్రాల శక్తి గలదని ప్రకటించారు. 1930 దశకములో మన దేశపు ఇండోరు మహారాజుగారు కూడ డ్యూసెన్‌బర్గ్ కారు తెప్పించుకున్నారు. రాజులకే కాదు, 1931 నుండి బ్యూక్, 1933 నుండి పాంటియాక్ కార్లలో ఇది మామూలు కుటుంబములకూ అందింది. తరువాత పొట్టిగా, గట్టిగా ఉండే వి-ఎయిట్ ఇంజన్లు వచ్చి దీనిని తోసివేశాయి. బ్యూక్ వారు 1953లో, ప్యాకార్డ్, పాంటియాక్ వారు 1954లో దీనిని చాలించారు.

దాని అందము పొడవులోనే ఉంది. దాని కష్టమూ పొడవులోనే ఉంది. పొడవాటి క్రాంక్ షాఫ్ట్ వేగము పెరిగితే మెలి తిరగడానికి చూస్తుంది. అందుకే ప్యాకార్డ్ వారు 1923 నాటి ఇంజనులో దానిని తొమ్మిది మెయిన్ బేరింగుల మీద నిలబెట్టారు. హెడ్ బోల్టులు బిగించేటప్పుడు ఒక కొస నుండి మొదలుపెట్టకూడదు. నడుమ నుండి రెండు వైపులకు, కొంచెము కొంచెముగా, బిగువు కొలిచే పానాతో రెండు మూడు విడతలుగా బిగించాలి. తొందరపడితే హెడ్ వంకరపోతుంది, గ్యాస్కెట్ కాలిపోతుంది. ఏండ్ల తరబడి నిలిచిపోయిన ఇంజనును ఒక్కసారిగా స్టార్టు చేయకూడదు. ప్లగ్గులు తీసి, లోపల కాస్త ఆయిల్ పోసి, మొదట చేతితో తిప్పి చూడాలి. ఆయిల్ ఛాంబరు విప్పి అడుగున పేరుకున్న మడ్డిని తీసివేయాలి. లేకపోతే ఆ మడ్డి కదిలి ఆయిల్ దారులను మూసివేస్తుంది.

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసినది చివరి సిలిండరు. నీటి పంపు ఇంజనుకు ముందు ఉంటుంది. ఎనిమిదవ సిలిండరు అందరికన్నా వెనుక. పాంటియాక్ వంటి ఇంజన్లలో వెనుక దాకా నీరు పంచడానికి బ్లాకు లోపల ఒక పొడవాటి రేకు గొట్టము పెట్టారు. అది పైకి కనబడదు. ఏండ్లు గడిచేకొద్దీ తుప్పుపట్టి చిల్లులు పడుతుంది. అప్పుడు నీరంతా ముందు సిలిండర్ల దగ్గరే చేరి, వెనుకవాటికి చల్లదనము చాలదు. డ్రైవరు ఎదుట ముల్లు మామూలు వేడినే చూపిస్తున్నా, వెనుక వాల్వులు కాలిపోతూ ఉండవచ్చు. అందుకని తెలిసినవారు రేడియేటరునూ పంపునూ విప్పి, ఆ గొట్టమును తీసి, కొత్తది వేసిన తరువాతే బండిని దూరప్రయాణమునకు నమ్ముతారు.

ఇది చదివినప్పుడు మా నాన్నగారు జ్ఞాపకము వచ్చారు. ఆయిల్ ఇంజను ఆడుతుంటే నేను దాని పక్కనే కూర్చునేవాడను. బోదెలో నీళ్లు నిండుగా పారుతుండేవి. అయినా ఆయన, "ఇక్కడ పారడము కాదురా, చివరి మడి తడిసిందేమో చూసి రా" అని గట్టు వెంట పంపేవారు. చాలాసార్లు అది ఎండిపోయే ఉండేది.

మన ఇండ్లలోను ఒక చివరి మడి ఉంటుంది. అందరికీ వడ్డించి, మిగిలినది తిని, చివర పడుకునే తల్లి. ఇల్లు చల్లగానే ఉన్నట్టు కనబడుతుంది. నేను దర్శించిన ఒక ఇంటిలో భర్తకు, పిల్లలకు ఏ లోటూ లేదు. ఆ తల్లి కళ్లు తిరిగి పడిపోయిన రోజున గాని, ఆమె ఒంటిలో రక్తము ఎంత తక్కువగా ఉన్నదో వారెవరికీ తెలియలేదు. సకాలములో వైద్యము అందింది గనుక కోలుకున్నది.

కాబట్టి ఈ వారములో ఒక పూట మీ ఇంట చివర తినేవారిని ముందు కూర్చోబెట్టి మీరే వడ్డించండి. ఆమెకు ఆయాసముగా ఉంటున్నదా, నిద్ర పడుతున్నదా అని అడగండి. "నాకేమీ లేదు" అన్నా సరే, ఒకసారి ఆసుపత్రికి తీసుకొనివెళ్లి రక్తపరీక్ష చేయించండి.