మనవాడే మనవాణ్ణి అవుట్ చేశాడు

2024 జూన్ 12 రాత్రి. ఇంటర్ అయిపోయింది, ఈఏపీసెట్ గొడవ ఇంకా అవ్వలేదు. ఏ బ్రాంచి, ఏ కాలేజీ అని ఇంట్లో రోజూ ఒకటే చర్చ. ఆ రోజు మాత్రం చర్చకి సెలవు. న్యూయార్క్‌లో టీ20 వరల్డ్ కప్, ఇండియా అమెరికా మ్యాచ్. అమెరికా 110 కొట్టింది. మనవాళ్ళు బ్యాటింగ్‌కి దిగారు. మొదటి ఓవర్ సౌరభ్ నేత్రవల్కర్. కోహ్లీ మొదటి బంతికే అవుట్, సున్నా. కాసేపటికి రోహిత్ కూడా, మూడు పరుగులకే, అదే బౌలర్‌కి. క్యాచ్ పట్టింది హర్మీత్ సింగ్.

నేత్రవల్కర్‌ది ముంబై. హర్మీత్‌ది ముంబై. రోహిత్‌ది కూడా ముంబైయే. మా నాన్న సోఫాలోంచి లేచి, "ఇదేం మ్యాచ్ రా, మనవాడు బంతేస్తే మనవాడు కొట్టాడు, మనవాడే క్యాచ్ పట్టాడు" అన్నారు. చివరికి మ్యాచ్ గెలిపించిన సూర్యకుమార్‌దీ ముంబైయే, మధ్యలో అతని క్యాచ్ వదిలేసింది మళ్ళీ నేత్రవల్కరే. నేను మాత్రం కోహ్లీ అవుటైనప్పుడు బయటికి "అయ్యో" అన్నానుగానీ లోపల సంతోషపడ్డాను. ఇది మొదటిసారి ఒప్పుకుంటున్నా, నన్ను కొట్టకండి.

కారణం ఉంది. అంతకు వారం ముందు డల్లాస్ దగ్గర అమెరికా పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్‌లో ఓడించింది. ఆ సూపర్ ఓవర్ వేసింది నేత్రవల్కర్. 18 పరుగులు కాపాడాలి, 13 ఇచ్చాడు. ఇక్కడ టైమ్ అర్ధరాత్రి దాటింది, నేను ఫోన్‌లో అతని గురించి వెతుకుతూ కూర్చున్నా. 2010లో ఇండియా అండర్-19 వరల్డ్ కప్ ఆడాడు, కేఎల్ రాహుల్‌తో కలిసి. ముంబైకి రంజీ కూడా ఆడాడు. తర్వాత ఛాన్సులు రాలేదు. కంప్యూటర్ సైన్స్ చదివినవాడు కాబట్టి కార్నెల్‌లో మాస్టర్స్‌కి వెళ్ళిపోయాడు, ఒరాకిల్‌లో ఉద్యోగం. అంటే మన సీఎస్ఈ వాడే! ఆ సంగతి తెలిశాక మా ఇంట్లో బ్రాంచి చర్చ ఇంకో పది నిమిషాల్లో ముగిసింది.

సెకండియర్‌లో మా హాస్టల్ రూమ్‌లో ఇదే టాపిక్ మళ్ళీ వచ్చింది. మా రూమ్మేట్ వాదన సూటిగా ఉంటుంది: "ఇక్కడ నేర్చుకుని అక్కడికి ఆడటం ఏంట్రా? పుట్టిన దేశానికే ఆడాలి." సరే, పుట్టిన చోటే లెక్క అయితే అదే టీమ్‌లో ఉన్న నొస్తుష్ కెంజిగేని ఏం చేద్దాం? పుట్టింది అమెరికాలోని అలబామాలో, పెరిగింది చిక్కమగళూరులో. ఆరన్ జోన్స్ పుట్టింది న్యూయార్క్, పెరిగింది బార్బడోస్. పాకిస్తాన్ మీద చివరి బంతికి ఫోర్ కొట్టి టై చేసిన నితీశ్ కుమార్ అంతకుముందు కెనడాకి వరల్డ్ కప్ ఆడాడు. వీళ్ళలో ఎవడు ఎక్కడివాడో ఒక్క రూల్‌తో తేల్చమనండి చూద్దాం.

ఐసీసీ రూల్ ప్రకారం ఆ దేశంలో పుట్టి ఉండాలి, లేదా పౌరసత్వం ఉండాలి, లేదా మూడేళ్ళు అక్కడ నివాసం ఉండాలి. ఒలింపిక్స్‌లో అలా కాదు, పౌరసత్వం ఉండాల్సిందే. మన దేశం కూడా 2008 నుంచి ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళనే ఆడనిస్తోంది. అందుకే జపాన్‌లో పుట్టిన అరాటా ఇజుమి అక్కడి పౌరసత్వం వదులుకుని మనకి ఫుట్‌బాల్ ఆడాడు. అంత వదులుకుని వచ్చినవాణ్ణి బయటివాడు అనగలమా? అలాగని అన్నీ ఒకటే అనను. 2015 హ్యాండ్‌బాల్ వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో ఖతార్ ఫైనల్ దాకా వెళ్ళింది, ఆ టీమ్‌లో చాలామంది వేరే దేశాల్లో పుట్టి పెరిగినవాళ్ళు. బతుకుదెరువుకి వెళ్ళి, అక్కడ ఇల్లు కట్టుకుని, శనాదివారాలు ఆడుతూ టీమ్‌లోకి వచ్చినవాడు వేరు. టీమ్ కోసమే తెచ్చుకున్నవాడు వేరు. రెండోది చూస్తే నాకూ మింగుడు పడదు.

ఇంత పెద్దమనిషిలా మాట్లాడుతున్నానుగానీ అసలు సంగతి ఇంకోటుంది.

నేను ఎయిత్ క్లాస్‌లో ఉన్నప్పుడు మా ఒంగోలులో అండర్-14 సెలెక్షన్స్ జరిగాయి. వాళ్ళ నాన్నకి బ్యాంకు ట్రాన్స్‌ఫర్ అయ్యి బళ్ళారి నుంచి ఒకబ్బాయి వచ్చాడు. తెలుగు మాట్లాడేవాడు, కానీ యాస వేరు, మేమంతా వెక్కిరించేవాళ్ళం. ఎడమచేతి బౌలింగ్. వాడి ఇన్‌స్వింగర్ నాకు ఒక్కసారీ అందలేదు. గ్రౌండ్‌కి ఇద్దరం ఒకే ఆటోలో వెళ్ళేవాళ్ళం. ఒకరోజు మాటల్లో వాడే చెప్పాడు, ఆధార్‌లో ఇంకా బళ్ళారి అడ్రస్సే ఉందని. లిస్టులో వాడి పేరు వచ్చింది, నాది రాలేదు. ఇంటికెళ్ళి నాన్నతో ఆ ఆధార్ సంగతి చెప్పాను. ఊరికే చెప్పలేదు, తెలిసే చెప్పాను. నాన్న, ఇంకో ఇద్దరి నాన్నలు వెళ్ళి "ఎక్కడినుంచో వచ్చినవాడికి మా పిల్లల ప్లేసు ఇస్తారా" అని అడిగారు. వాడి పేరు తీసేశారు. నాకు పదిహేనో ప్లేసు వచ్చింది. ఒక్క మ్యాచ్ ఆడలేదు, వాటర్ బాటిళ్ళు మోశాను. తర్వాత వాడు ఆటో మార్చేశాడు. సారీ చెప్పలేదు నేను. మరుసటేడు వాళ్ళకి మళ్ళీ ట్రాన్స్‌ఫర్.

మా రూమ్మేట్ "పుట్టిన చోటే" అన్నప్పుడల్లా నాకు ఆ ఆటో గుర్తొస్తుంది. ఆ మాట వాడికంటే ముందు నేను వాడుకున్నాను కదా.

మొన్న సంక్రాంతికి డల్లాస్ నుంచి మా పెద్దమ్మ వాళ్ళ అన్నయ్య కుటుంబంతో వచ్చాడు. వాళ్ళబ్బాయికి పదకొండేళ్ళు, అక్కడే పుట్టాడు. తాతయ్య వాణ్ణి పట్టుకుని, "పెద్దయ్యాక ఎవరికి ఆడతావు రా, మనకా వాళ్ళకా?" అని అడిగారు. వాడికి "వాళ్ళు" అంటే ఎవరో అర్థం కాలేదు. వీధిలో పిల్లలు ఇండియా, ఆస్ట్రేలియా అని రెండు టీములు కట్టుకుంటున్నారు. నువ్వు ఏ టీమ్ అని అడిగితే, వచ్చీరాని తెలుగులో "ఎవరికి తక్కువుంటే వాళ్ళకి" అన్నాడు. ఆస్ట్రేలియాకి ఒకడు తక్కువ. నేను ఇండియా.

రెండో బంతికే నన్ను బౌల్డ్ చేశాడు. ఎడమచేతి వాటమే.