ఉక్కునగరపు అంచున పసుపుపచ్చ క్యాసెట్లు

భిలాయ్ పవర్‌హౌస్ ప్రాంతం దాటి నందిని రోడ్డు వెంట ఉత్తరదిశగా సాగే ప్రయాణికునికి కొంతసేపట్లోనే ఆకాశంలోకి లేచిన సిమెంటు కర్మాగారపు కట్టడాలు కనిపిస్తాయి. అదే జాముల్. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని దుర్గ్ జిల్లాలో, భిలాయ్ ఉక్కునగరాన్ని ఆనుకొని ఉన్న చిన్న పట్టణం. యాత్రాస్థలాల పట్టికల్లో దీని పేరు సాధారణంగా కనిపించదు. కాని, పారవేయవలసిన వస్తువును పనికివచ్చే వస్తువుగా మార్చడం ఎలాగో తెలుసుకోదలచినవారు తప్పక చూడవలసిన ఊరు ఇది.

ఉక్కు కర్మాగారపు బ్లాస్ట్ ఫర్నేసులో ఇనుప ఖనిజం కరిగినప్పుడు ద్రవలోహంపై తెట్టులా ఒక పదార్థం తేలుతుంది. పూర్వం తెలుగు కమ్మరులు దానిని చిట్టెం అనేవారు. నేటి కార్మికులు స్లాగ్ అంటారు. ఎర్రగా కాగుతున్న ఆ ద్రవంపై నీటిని వేగంగా చిమ్మి చల్లార్చితే అది ఇసుకరేణువుల వలె గుల్లబారుతుంది. ఆ రేణువులను క్లింకరుతోను, జిప్సంతోను కలిపి మెత్తగా విసిరితే స్లాగ్ సిమెంటు తయారవుతుంది. 1965లో జాముల్‌లో ఏ.సి.సి. సిమెంటు కర్మాగారం వెలసినప్పటి నుంచి భిలాయ్ కొలిమి వదిలివేసిన చిట్టెం ఇక్కడ ఇళ్ళకు గోడలై, వంతెనలకు స్తంభాలై తిరిగి ప్రాణం పోసుకుంటున్నది.

ఈ ఊళ్ళోనూ, పక్కనున్న ఉక్కునగరపు సెక్టార్లలోనూ మరొక రకం పాత సామాను కూడా ఉన్నది. అది ఇళ్ళలో అటకల మీద, రేకుపెట్టెల అడుగున పడి ఉంటుంది. పసుపుపచ్చని ప్లాస్టిక్ తొడుగులో అరచేయంత ముక్క; దాని మీద వెలిసిపోయిన బొమ్మ. 1990 దశకంలో ఇక్కడ బాల్యం గడిపినవారు దానిని చూడగానే గుర్తుపడతారు. అది వీడియో గేము ‘క్యాసెట్టు’.

నానాభాషల నగరం

సోవియట్ యూనియన్ సహకారంతో భిలాయ్‌లో ఉక్కు కర్మాగారం నిర్మించడానికి 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. పొలాలూ పల్లెలూ ఉన్న చోట దేశం నలుమూలల నుంచి వచ్చిన వారితో ఒక నగరం లేచింది. బెంగాలీలు, మలయాళీలు, పంజాబీలు, ఒడియావారు పక్కపక్క క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. విజయనగరం–రాయపూర్ రైలుమార్గం ఉండనే ఉన్నది గనుక శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుంచి తెలుగువారు పెద్దసంఖ్యలో తరలివచ్చారు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ, బడిలో ఇంగ్లీషు — ఇక్కడి తెలుగు పిల్లల నాలుక పొద్దుటి నుంచి సాయంత్రం వరకు నాలుగు భాషల మధ్య నడిచేది.

అటువంటి చోట ఏ భాషా అక్కరలేని ఆట ఒకటి ప్రవేశించినప్పుడు పిల్లలు దానిని ఎంత ఆబగా అందుకుని ఉంటారో ఊహించవచ్చును. మీసాల మారియో తాబేళ్ళ మీద గెంతడానికి తెలుగు రానక్కరలేదు, హిందీ రానక్కరలేదు. వీధిలోని పిల్లలందరూ ఒకే టెలివిజను ముందు నేల మీద చతికిలబడేవారు. కంట్రోలరు తీగ పొట్టిది కావడం వల్ల తెరకు దూరంగా కూర్చోవడం సాధ్యపడేది కాదు. కళ్ళు పోతాయని పెద్దలు కేకలు వేస్తూనే ఉండేవారు.

జపానులో పుట్టి, మారుపేర్లతో వచ్చి

ఈ యంత్రానికి మూలపురుషుడు జపానులో పుట్టాడు. మసయుకి ఉయెమురా అనే ఇంజనీరు రూపకల్పనలో నింటెండో సంస్థ 1983 జూలై 15న ‘ఫ్యామిలీ కంప్యూటర్’ను విడుదల చేసింది. ప్రపంచవ్యాప్తంగా ఆరు కోట్లకు పైగా అమ్ముడుపోయిన ఆ యంత్రం భారతదేశపు మధ్యతరగతి ఇళ్ళకు మాత్రం సొంతపేరుతో రాలేదు. తూర్పు ఆసియాలో తయారైన దాని నకళ్ళు సమురాయ్, టెర్మినేటర్ వంటి పేర్లతో బజార్లకు చేరాయి. ఇందులో మరొక విచిత్రం కలదు. భిలాయ్ కొలిములను నిర్మించి ఇచ్చిన ఇంజనీర్ల దేశంలోనూ ఇదే జరిగింది. సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన మరుసటి ఏడు, 1992లో, రష్యాలో ‘డెండీ’ అనే పేరుతో అమ్మకానికి వచ్చిన యంత్రం కూడా జపాను యంత్రానికి నకలే. మాస్కో పిల్లలూ, భిలాయ్ పిల్లలూ ఒకరికొకరు తెలియకుండానే ఒకే ఆటలు ఆడుతూ పెరిగారు.

ఆ ఆటల్లో ఒకటి అచ్చంగా మాస్కోలోనే పుట్టింది. 1984లో సోవియట్ విజ్ఞాన అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేస్తున్న అలెక్సేయ్ పజిత్నోవ్, పైనుంచి పడే ముక్కలను కిందికి చేరేలోగా వరుసగా పేర్చే ‘టెట్రిస్’ను రూపొందించాడు. ప్రపంచమంతా ఆడిన ఆ ఆటపై అతనికి రాయల్టీ అందడం మొదలైనది 1996 నుంచి మాత్రమే.

నాటి సాంకేతిక నిపుణుల పొదుపు నేటి వారికి నమ్మశక్యం కాదు. 1985లో వెలువడిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడిపోయింది. నేడు సెల్‌ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రం అంతకన్న ఎన్నో రెట్లు పెద్దది. స్థలం చాలక ఆకాశంలోని మేఘానికీ, నేల మీది పొదకూ ఒకే బొమ్మను వాడి రంగు మాత్రం మార్చారు. ఏళ్ళ తరబడి ఆడిన పిల్లల్లో ఎంతమంది ఈ సంగతి కనిపెట్టారో చెప్పలేము.

‘డక్ హంట్’ ఆటలో బాతులను కాల్చే ప్లాస్టిక్ తుపాకీ మరొక వింత. దాని నుంచి ఏ కిరణమూ వెలువడదు. మీట నొక్కగానే తెర లిప్తపాటు నల్లబడి, బాతు ఉన్నచోట మాత్రం తెల్లని చదరం మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని కన్ను ఆ వెలుగును చూసినదా, గురి తప్పనట్లు! ఇదంతా నాటి గాజుబుడ్డి టెలివిజను చిత్రాన్ని తెరపై గీసే తీరుపై ఆధారపడిన ఏర్పాటు. నేటి పలుచని తెరల ముందు ఆ తుపాకీ ఉత్త బొమ్మ. పాత యంత్రాన్ని భద్రపరచినంత మాత్రాన పాత ఆట మిగలదని, దానితోపాటు పాత టెలివిజను కూడా బతికి ఉండాలని దీనివల్ల తెలుస్తున్నది.

క్యాసెట్టు పలకకపోతే పిల్లలు దానిని ఊడబెరికి, లోపలి రాగి పళ్ళపై గట్టిగా ఊది మళ్ళీ దూర్చేవారు. ఈ చికిత్సను వారికి ఎవరూ నేర్పలేదు. జపాను మొదలుకొని అమెరికా వరకు పిల్లలందరూ ఇదే చేశారు. నిజానికి ఊపిరిలోని తేమ ఆ పళ్ళకు చెరుపే. తీసి పెట్టడం వల్ల పట్టు సరిగా కుదిరి ఆట పలికేది. ఘనత మాత్రం ఊదుడుకు దక్కేది. ‘కాంట్రా’ ఆటలో ముప్ఫై ప్రాణాలు సంపాదించే రహస్యం — రెండుసార్లు పైకి, రెండుసార్లు కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఆపైన బి, ఏ — ఏ పుస్తకమూ చదవకుండానే మౌఖిక సాహిత్యం వలె వీధి నుంచి వీధికి పాకింది.

క్వార్టరూ, క్యాసెట్టూ

ఉక్కునగరపు జీవితంలో ఒక సత్యం అందరికీ తెలిసినదే. ఇల్లు కంపెనీది. ఆసుపత్రి కంపెనీది. పిల్లలు చదివే బడి చాలవరకు కంపెనీదే. పెరట్లో నాటిన మామిడి మొక్క కాపుకు వచ్చినా అది ఉన్న నేల తనది కాదు. కొందరికి దీర్ఘకాలపు లీజు దొరికినా, మిగిలినవారు పదవీ విరమణ చేసిన నాడు తాళంచెవి అప్పగించి కదలవలసిందే. ముప్ఫై అయిదేళ్ళు కాపురం చేసిన గోడలను వెనుదిరిగి చూస్తూ లారీ ఎక్కిన కుటుంబాలు ఎన్నో.

అటువంటి ఊళ్ళో ఒక పిల్లవాని చేతిలోని క్యాసెట్టు ముమ్మాటికీ అతనిదే. దానిని మిత్రునికి ఒకరాత్రికి ఎరువివ్వవచ్చును, మరొకదానితో మార్చుకొనవచ్చును, తమ్మునికి వదలిపెట్టవచ్చును. ఎవరి అనుమతీ అక్కరలేదు. సామాను సర్దేటప్పుడు వంటపాత్రల నడుమ దానినీ దాచి శ్రీకాకుళం తీసుకుపోవచ్చును. అది నకలు క్యాసెట్టే అయి ఉండవచ్చు. దాని మూలంగా జపానులోని కళాకారునికి ఒక్క యెన్ కూడా ముట్టి ఉండకపోవచ్చు. పెట్టెపై తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభై తొమ్మిది ఆటలని వ్రాసి, లోపల పట్టుమని పాతిక ఆటలనే పేర్లు మార్చి తిప్పి చూపే మోసమూ ఉండేది. ఈ లోపాలను మరచి ఆ కాలాన్ని స్వర్ణయుగమని కీర్తించడం న్యాయం కాదు. అయినా వస్తువు చేతిలో ఉన్నదనే ధీమా మాత్రం అబద్ధం కాదు.

తరువాత 1994లో జపానులో సోనీ ప్లేస్టేషన్ వచ్చింది. 2000లో వచ్చిన రెండవ ప్లేస్టేషన్ 15 కోట్లకు పైగా అమ్ముడై నేటికీ అగ్రస్థానంలో నిలిచి ఉన్నది. తెలుగువారికి దానితో ఒక ప్రత్యేక బంధం ఉన్నది. 2009లో ఆ యంత్రం కోసం హైదరాబాదులోని అరోనా సంస్థ ‘హనుమాన్: బాయ్ వారియర్’ అనే ఆటను తయారుచేసింది. పూర్తిగా భారతదేశంలోనే రూపొందిన తొలి ప్లేస్టేషన్ ఆటగా దానికి పేరు వచ్చింది. విదేశీ ఆటల నకళ్ళు కొనుక్కున్న దేశం పాతికేళ్ళు గడిచేలోగా సొంత ఆటను తయారుచేసుకోగలిగింది.

రేపటి ఆటలు ఎవరివి?

నేటి జాముల్ బాలుడు కొత్త ఆట కోసం బజారుకు పోనక్కరలేదు. టోకియోలో విడుదలైన ఆటను అదేరోజున ఇంట్లో కూర్చుని దింపుకొనవచ్చును. చేతిలోని ఫోనే అతని కన్సోలు. ఇది చిన్న సౌకర్యం కాదు. కాని దానితోపాటు ఒక మార్పు చప్పుడు లేకుండా వచ్చింది: ఆట కూడా క్వార్టరు అయిపోయింది.

2023 మార్చి 27న నింటెండో తన రెండు పాత యంత్రాలకు సంబంధించిన అంతర్జాల విక్రయశాలలను మూసివేసింది. అక్కడ మాత్రమే దొరికే ఆటలను ఇక కొత్తగా కొనడానికి దారి లేదు. 2014లో వచ్చిన ‘ది క్రూ’ అనే కార్ల పందెపు ఆటకు 2024 మార్చి 31తో సర్వర్లు ఆగిపోయాయి. డబ్బు చెల్లించి కొన్నవారికి కూడా అది నిలిచిపోయింది. అదే సంవత్సరం అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, అంతర్జాలంలో ఇటువంటివి అమ్మేవారు తాము అమ్ముతున్నది వస్తువును కాదని, వాడుకొనే అనుమతిని మాత్రమేనని కొనుగోలుదారుకు స్పష్టంగా చెప్పాలని చట్టం చేసింది. 2025 జూన్ 5న విడుదలైన నింటెండో స్విచ్ 2 కోసం వచ్చే కొన్ని కార్డులలో అసలు ఆటే ఉండదు; ఆటను దింపుకొనేందుకు తాళంచెవి మాత్రం ఉంటుంది.

అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో జరిపిన అధ్యయనం ప్రకారం, 2010కి పూర్వం ఆ దేశంలో విడుదలైన ఆటల్లో 87 శాతం నేడు అంగళ్ళలో లభించడం లేదు. తాళపత్రాలను చెదలు తిన్నట్లు, మూకీ చిత్రాల ఫిల్ములు కాలిపోయినట్లు ఈ ఆటలూ ఒకటొకటిగా కనుమరుగవుతున్నాయి. భేదమేమంటే, చెదలకు ఆలోచన లేదు. సర్వరు మీటను మాత్రం మనిషే ఆపుతున్నాడు.

ఇందుకు విరుగుడు లేకపోలేదు. ఆట అమ్మకం ఆపేసినప్పుడు కొన్నవారు దానిని సొంతంగా ఆడుకొనే వీలు కల్పించాలని అనేక దేశాల్లో ఆటగాళ్ళు కోరుతున్నారు. పుస్తకాలకు గ్రంథాలయాలున్నట్లే ఆటలకూ ఉండాలని చరిత్రకారులు వాదిస్తున్నారు. పాత ఆటలతో ఉన్న చిన్న కన్సోళ్ళను కంపెనీలే మళ్ళీ తయారుచేసి అమ్మినప్పుడు జనం ఎగబడి కొన్నారు. వాటి విలువ వాటిని తయారుచేసినవారికి తెలియనిదేమీ కాదు.

సాయంకాలం జాముల్ వీధుల్లో సిమెంటు లారీలు బారులు తీరుతాయి. కొలిమి వద్దనుకొన్న చిట్టెం వాటిలో గోతాలకెక్కి దూరప్రాంతాలకు సాగిపోతుంది. కొలిమికి అక్కరలేనిదైనా దానిని జాగ్రత్తగా చల్లార్చి ఇక్కడికి చేర్చే ఏర్పాటును ఎవరో ముందుచూపుతో చేశారు గనుకనే అది బతికింది. అటక మీది పసుపుపచ్చ క్యాసెట్టుకు అటువంటి ఏర్పాటు ఇంకా జరగలేదు. అంతవరకు దానిని పాతసామాన్ల వానికి వేయకుండా, పొడిగుడ్డతో తుడిచి దాచి ఉంచడం ఆ ఇంటివారి వంతు. ఊదవలసిన పని లేదు.