చేతికి కుదరని పిస్తోలు

చిన్న వస్తువైతే వాడటం సులువని మనకొక నమ్మకం. పిస్తోలు విషయంలో ఆ నమ్మకం తలకిందులవుతుంది. 2018 నుంచి నా పేర లైసెన్సు ఉన్న బ్రౌనింగు నాకు నేర్పిన సంగతి ఇది.

బెల్జియంలో ఎఫ్.ఎన్. కంపెనీ చేసిన 1910 నమూనా, పాయింట్ 32 బోరు. పొడవు ఆరంగుళాలు, బరువు ఆరువందల గ్రాములకు అటూ ఇటూ. మ్యాగజీనులో ఏడు తూటాలు పడతాయి. ఇది మా నాయనది. మింజూరులో వడ్ల వ్యాపారం చేసిన రోజుల్లో పొన్నేరి నుంచి సొమ్ము సంచిలో పెట్టుకుని, రాత్రి బండి దిగి ఇంటికి నడిచి వచ్చేవారు. అందుకని పాతదొకటి కొన్నారు. ఒక్కనాడూ మనిషి మీద ఎత్తింది లేదు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం డెబ్బై ఏళ్ళు నిండినవారు గానీ, ఇరవై అయిదేళ్ళు లైసెన్సు ఉన్నవారు గానీ తమ ఆయుధాన్ని వారసుడికి ఇప్పించమని కోరవచ్చు. నాయన రెండు విధాలా అర్హులే. బదిలీ అయిన నాటినుంచి అడుగుతూనే ఉన్నారు: "ఏమిరా, చేతికి కుదిరిందా?"

కుదరలేదు. నా అరచెయ్యి పెద్దది. పిడి మీద రెండు వేళ్ళు పడతాయి, చిటికెన వేలు గాలిలో వేలాడుతుంది. పిడి వెనక ఒక మీట ఉంది. అరచేయి దాన్ని గట్టిగా అదిమితేనే ట్రిగ్గరు పనిచేస్తుంది. పట్టు కాస్త పక్కకు జరిగితే పిస్తోలు మూగనోము పడుతుంది. ఇక గురి చూసుకునే గాడి సన్నగా, గీత గీసినట్టు ఉంటుంది. నా కళ్ళజోడు రెండు చూపులది. పై అద్దంలో నుంచి చూస్తే గాడి అలుక్కుపోతుంది, కింది అద్దంలో నుంచి చూస్తే ఎదుటి కాగితం మాయమవుతుంది. ఒక రైఫిలు క్లబ్బులో పది గజాల నుంచి పద్నాలుగు కాల్చాను. కాగితాన్ని తగిలినవి అయిదు.

అదురు సంగతి విడిగా చెప్పాలి. పెద్ద పిస్తోళ్ళలో చాలావాటికి గుండు వెళ్ళేదాకా గొట్టాన్నీ పై స్లయిడునూ కలిపి బిగించే ఏర్పాటు ఉంటుంది. ఇందులో అది లేదు. పేలుడు తోపునంతా స్లయిడు బరువూ, స్ప్రింగూ కాసుకోవాలి. అందుకే స్ప్రింగు బిరుసుగా పెట్టారు, దాన్ని వెనక్కి లాగడానికి నా వేళ్ళు నొప్పి పెడతాయి. ఒళ్ళు తేలిక కనుక మిగిలిన తోపు సూటిగా చేతికే వస్తుంది. 2014లో కాన్పూరు ఆర్డ్నెన్సు ఫ్యాక్టరీ 'నిర్భీక్' అని అర్ధకిలో రివాల్వరు తెచ్చి ఆడవాళ్ళకు అనువైనదని చెప్పింది. ఎత్తుకు తిరగడానికి తేలికే. కాల్చేటప్పుడు ఆ తేలికే చేతికి బరువవుతుందని కొనేవాళ్ళకు ఎవరైనా చెప్పారో లేదో!

అన్నిటికంటె నన్ను కలవరపెట్టేది వేరు. దీనికి హామరు బయటికి కనిపించదు, లోపల సూదిలాంటి స్ట్రైకరుంటుంది. ఎక్కుపెట్టి ఉందో లేదో బయటినుంచి చూసి చెప్పలేం. ప్రతిసారీ మ్యాగజీను తీసి, స్లయిడు లాగి, లోపల వేలుపెట్టి చూడాలి. మనవళ్ళు తిరిగే ఇల్లు మాది. బ్యాంకు లాకరులో పెడదామంటే ఆయుధాలు పెట్టరాదని ఒప్పందంలోనే ఉంది. ఆ కాగితం మీద ఖాతాదారుల చేత సంతకం పెట్టించేవాణ్ణి నేనే! ఎన్నికలొస్తే పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకోవాలి. 2019, 2021, 2024, మూడు రసీదులూ ఫైలులో ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఆ నెలల్లోనే నాకు నిద్ర బాగా పట్టింది.

నాయనతో ఇది చెబితే చరిత్ర తీస్తారు. 1911 జూన్ 17న మణియాచ్చి స్టేషనులో వాంజినాథన్ కలెక్టరు ఆష్‌ను కాల్చింది బ్రౌనింగుతోనే గదా అంటారు. నిజమే. 1914 జూన్ 28న సరయేవోలో ప్రిన్సిప్ చేతిలో ఉన్నదీ ఈ 1910 నమూనాయే, బోరు మాత్రం కొంచెం పెద్దది. కానీ ఒకటి రైలు పెట్టెలో, ఇంకొకటి వీధిలో ఆగిన కారు పక్కన. రెండుచోట్లా నాలుగడుగుల దూరం. ఎదుటివాడి కనురెప్పలు కనిపించే దూరంలో మీట నొక్కగలవాడికోసం చేసిన వస్తువిది. అంత దగ్గర నిలబడితే నేను సంచి ఇచ్చేస్తాను. ఆ సంచీ ఇప్పుడు లేదు, వడ్ల సొమ్ము ఫోనులో వచ్చి ఫోనులో పోతోంది.

పోయిన నెల నాయన దగ్గర కూర్చుని లెక్కంతా చెప్పాను: పట్టు, చూపు, అదురు, పిల్లలు. లైసెన్సున్న డీలరుకు అప్పగిస్తే వాళ్ళు లైసెన్సున్న మరొకరికి అమ్ముతారని, పుస్తకంలో నమోదు చేయించుకుంటే సరిపోతుందని అన్నాను. ఆయన దాన్ని అడిగి తీసుకున్నారు. ఎనభై ఏడేళ్ళ చెయ్యి, చిన్నది. మూడు వేళ్ళూ పిడి మీద కుదురుగా కూర్చున్నాయి. మీట దానంతటదే అణిగింది. కాసేపు అలాగే పట్టుకుని చూసి, నా వైపు చాచారు.

"పెట్టె కూడా ఇచ్చెయ్. తోలు గూడు మాత్రం ఉండనీ," అన్నారు. తరవాత, వ్యాపారి కదా, "ఏమి ధర పలుకుతుందంటావు?"