అబ్బా బయాజ్‌లో ఆపా హక్

మొన్న మీలాద్ జల్సాలో మా భాంజా ఒక నాత్ చదివాడు. కోయిలకుంట్లలో మా మొహల్లా మొత్తానికీ నోటికొచ్చిన నాత్ అది. రాసింది మా అబ్బా. ఆయన దర్జీ. మిషన్ తొక్కుతూనే మిస్రాలు కట్టేవారు.

జల్సా అయ్యాక ఊరుకోక, వాడు అదే నాత్‌ను ఇంట్లో రికార్డు చేశాడు. నెట్‌లో దొరికిన మ్యూజిక్ ట్రాక్ ఒకటి వెనక పెట్టి వీడియో ఎక్కించాడు. రెండు రోజులకు మెసేజ్ వచ్చింది. ఈ సంగీతం మీద హక్కు ఫలానా కంపెనీది, వీడియో మీద ప్రకటనల డబ్బులు ఏమైనా వస్తే వాళ్లకే పోతాయి అని.

వాడు వెంటనే నాకు ఫోన్ చేశాడు. "మామూ, యే క్యా జుల్మ్ హై? నానా రాసిన నాత్ మీద వాళ్ల హక్కేంది?"

నాకూ గుస్సా వచ్చింది. అబద్ధమెందుకు, వార్తకు హెడ్డింగ్ కూడా మనసులో పెట్టేసుకున్నా. తర్వాత ఆ నాత్‌ను ఒకసారి గొంతులో అనుకుని చూశా. తర్జ్ పాత హిందీ సినిమా పాటది! అందరికీ తెలిసిన బాణీ అయితే జల్సాలో జనం గొంతు కలుపుతారని అబ్బా దాన్ని ఎత్తుకున్నారు. అప్పట్లో నాత్‌లు చదివేవాళ్లు చాలామంది చేసిన పనే. కొందరు ఉలమాకు అది నచ్చేది కాదు, అది వేరే సంగతి.

మన 1957 కాపీరైట్ చట్టం ఒక పాటను మూడు ముక్కలుగా చూస్తుంది. మాటలు ఒక రచన. బాణీ ఇంకొక రచన. రికార్డు చేసిన శబ్దం మూడోది. మూడింటికీ వేర్వేరు హక్‌దార్లు ఉండొచ్చు. మా వాడి వీడియోలో మాటలు మావే. బాణీ వేరేవాళ్లది, ట్రాక్ కూడా వేరేవాళ్లదే. వీడియోలు పెట్టే సైట్లలో కంప్యూటర్ పాటను వేలిముద్రలాగా పోల్చి పట్టేస్తుంది. అందులో ఉన్నది నాతా, సినిమా పాటా అని అది చూడదు.

2017 మార్చిలో బాలు గారు అమెరికాలో కచేరీలు చేస్తుంటే, నా ఇజాజత్ లేకుండా నా పాటలు పాడొద్దని ఇళయరాజా గారు లాయర్ నోటీసు పంపారు. గుర్తుంది కదా? పాడి ఊరూరా తిప్పిన గొంతు ఒకరిది, బాణీ ఇంకొకరిది. బాలు గారు గొడవ పడకుండా ఆ పాటలు పక్కన పెట్టి మిగతావి పాడారు. మనం ఇంట్లో కూర్చుని ఒకరి వైపో ఇంకొకరి వైపో వాదించుకున్నాం. మన దాకా వస్తుందనుకోలేదు.

"మరి జల్సాలో చదివితే?" అన్నాడు భాంజా. దానికి ఫికర్ లేదు. మతపరమైన వేడుకలో పాడినా వినిపించినా కాపీరైట్ ఉల్లంఘన కాదని చట్టంలోని 52వ సెక్షనే చెబుతోంది. షాదీ బరాత్, షాదీకి సంబంధించిన దావత్‌లు కూడా అందులో వస్తాయి. అయితే ఆ మినహాయింపు వేడుక వరకే. ఇంట్లో రికార్డు చేసి నెట్‌లో పెట్టింది వేడుక కాదు.

"సరే, మాటలైనా మనవే కదా మామూ" అన్నాడు.

ఆ "మనవే" దగ్గర నా నోరు ఆగిపోయింది.

అబ్బా ఇంతెఖాల్ 2011లో. రెండేళ్లకు ఆయన నాత్‌లను తెలుగు లిపిలోకి మార్చి, నంద్యాలలో 500 కాపీలు అచ్చేయించా. మొదటి పేజీలో జుమ్లా హుఖూఖ్ మహ్‌ఫూజ్ అని పెట్టి, కింద నా పేరొక్కటే వేసుకున్నా. చదువుకున్న కొడుకుని, డబ్బులు పెట్టినవాణ్ని. అదే న్యాయమనుకున్నా.

చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు హక్కు వారసులది. అంటే అబ్బా మాటలు 2071 చివరి దాకా మా మీరాస్. ఇక దీన్ సంగతి. రచన మీద రాసినవాడికి విలువ కట్టదగిన హక్ ఉందని, దాన్ని కాజేయడం కూడదని, 1988లో కువైట్‌లో కూర్చున్న ఇస్లామిక్ ఫిఖ్హ్ అకాడమీ తీర్మానించింది. విలువ ఉన్నదైతే పంచాల్సిందే. మా ఇంటి లెక్క 24 వాటాలు. అమ్మీకి 3, నాకు 14, ఆపాకి 7.

ఇల్లు పంచుకునేటప్పుడు ఖాజీ సాబ్‌ను పిలిచి గజం గజం లెక్క చూశాం. ఆపా వాటా ఆపాకి ఇచ్చామని నలుగురిలో చెప్పుకున్నా కూడా. బయాజ్ దగ్గర మాత్రం అమ్మీని అడగలేదు, ఆపాని అడగలేదు. నిజానికి ఆ బయాజ్ నిండా ఉన్నది ఆపా దస్తూరీ. అబ్బా చేతులు మిషన్ మీద ఉంటే, ఏడో తరగతితో బడి మానేసిన ఆపా పక్కన కూర్చుని ఆయన చెప్పింది చెప్పినట్లు రాసేది.

ఆదివారం ఆళ్లగడ్డ పోయా. ఆపా చాయ్ ఇచ్చి, నేను చెప్పిందంతా విన్నది.

"నా పేరు వెయ్యలేదని కాదు తమ్ముడూ. పుస్తకం అచ్చయిందని పక్కింటామె చెబితే తెలిసింది నాకు" అంది.

మాఫ్ చెయ్యమన్నా. ఆమె దానికి జవాబు చెప్పలేదు. కాసేపాగి, "ఆ నాత్‌కు అబ్బా మొదట కట్టిన తర్జ్ వేరే కదా, నీకు గుర్తులేదా? సినిమాది తర్వాత పెట్టినారు" అంది.

నాకు తెలియదు. అమ్మీకి తెలిసేదేమో, ఆమె ఇప్పుడు లేదు. ఇంకెవరికీ తెలియదు.

ఆపా కొంగు సవరించుకుని మెల్లగా ఎత్తుకుంది. రెండో మిస్రా దగ్గర గొంతు పట్టేసింది, దగ్గి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. నేను ఫోన్ తీశా. రికార్డు బటన్ మీద వేలు పెట్టబోయి ఆగి, "ఆపా, రికార్డు చేసుకోనా?" అని అడిగా.

"ఇప్పుడు అడిగినావు కదా, చేసుకో" అంది.