అద్దె లేదు, వడ్డీ లేదు?

నిజాంపట్నం వంటి మత్స్యకార పట్టణాలలో ఇంటి అద్దె కూడా సముద్రపు రోజులను అనుసరించి నడుస్తుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులపాటు మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. బోట్లు ఒడ్డున నిలిచిపోతాయి. రాబడి ఆగినా ఇంజను మరమ్మతుకు, వలలకు, తొలి వేటకు కావలసిన డీజిలుకు, ఐసుకు డబ్బు కావాలి. సొంత ఇల్లు ఉన్నవారు దానిపై పెద్ద మొత్తం తెచ్చుకోవాలని చూసేది అప్పుడే.

మదర్సాలో బోధన నిమిత్తం ఆ ప్రాంతానికి మారిన వేసవిలో మాకు అలాంటి ఇల్లే చూపించారు. యజమాని బోటు నడిపే పెద్దమనిషి. "మౌల్వీగారూ, రెండు లక్షలు ఇవ్వండి. ఇంటికి అద్దె లేదు, డబ్బుకు వడ్డీ లేదు. మీరు ఖాళీ చేసేనాడు పూర్తిగా ఇచ్చేస్తాను" అన్నారు. ఆయన మాటలో మోసం లేదు. కుమార్తె వివాహానికై కూడబెట్టిన సొమ్ము మా వద్ద ఉంది. నెలనెలా అద్దె భారం తప్పుతుందని మా ఇంట్లోవారు సంతోషించారు కూడా.

అయితే, తిరిగి రావలసిన ఆ రెండు లక్షలు అప్పు. ఇల్లు ఆ అప్పుకు తాకట్టు. దివ్యఖుర్ఆన్ (అల్‌బఖరా: 283) తాకట్టును అనుమతించింది, కాని అది అప్పుకు భద్రత కొరకే. అప్పిచ్చినవాడు ఆ ఇంట్లో ఉచితంగా నివసించాలన్నది షరతు అయితే, ఆ లాభం వడ్డీయే అవుతుందని ధర్మవేత్తలు చెబుతారు. పేరుకు రెండు వందలు అద్దెగా పెట్టుకున్నా దాని స్వభావం మారదు.

వద్దని చెప్పి లేచి రావడం సులభమే. కాని ఆయన అవసరమూ, మా అవసరమూ నిజమైనవే. హరాంను నిషేధించిన ధర్మం హలాల్ ద్వారాన్ని తెరిచే ఉంచింది. అద్దెను ముందుగా చెల్లించడం, అందుకు పరస్పర అంగీకారంతో కొంత తగ్గించుకోవడం ధర్మసమ్మతమే. నెలకు 4,000 చొప్పున పదకొండు నెలలకు 44,000 కాగా, ఒకేసారి ఇస్తే 40,000 చాలునా అని అడిగాము. ఆయన ఒకరోజు ఆలోచించి, "వలలకు సరిపోతుంది. తిరిగి తీర్చే బరువు లేదు కదా" అని ఒప్పుకున్నారు.

అల్‌బఖరా 282వ ఆయతు బోధించినట్లు సాక్షుల ఎదుట పత్రం వ్రాసుకున్నాము. తుఫాను వల్ల ఇల్లు నివాసయోగ్యం కాకపోతే మిగిలిన నెలల అద్దె తిరిగి ఇవ్వాలన్నది అందులో ఒక షరతు. ఎందుకంటే ఇజారాలో అద్దె అనేది పొందిన ప్రయోజనానికే బదులు. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపాన తీరం దాటిన మిచాంగ్ తుఫానును చూసిన ఆయనకు ఆ షరతును విడమరచి చెప్పనవసరం లేకపోయింది.

పెళ్ళి సొమ్ములో నలభై వేలు తగ్గిన మాట వాస్తవం. దానిని తిరిగి కూడబెట్టడానికి ఇంటిల్లిపాదీ ఎన్నో ఖర్చులు మానుకోవలసి వచ్చింది. అయినా మా గుండెలో భారం లేదు.

ఇళ్ళు అద్దెకిచ్చే సోదరులకు ఒక విన్నపం. వేట ఆగిన రోజులలో మత్స్యకార కుటుంబం అద్దె ఆలస్యం చేస్తే గడువు ఇవ్వండి. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి వెసులుబాటు కలిగేవరకు వేచి ఉండమన్నది అల్లాహ్ ఆదేశం (అల్‌బఖరా: 280). నమాజు చేసుకునే చోటు శుభ్రంగా ఉండాలని చూసుకునే మనం, ఆ ఇల్లు మన చేతికి వచ్చిన మార్గం కూడా పరిశుద్ధంగా ఉండేలా చూసుకోవాలి.